ఇంటికైతే సైరన్ ఎందుకు

నొక్కాలి, వదలాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మళ్లీ నొక్కాలి. నా కుడిచేతిలోని రబ్బరు సంచికీ నాయిన గొంతులోకి దిగిన గొట్టానికీ మధ్య జానెడు దూరం లేదు, నేను నొక్కితే ఆయన ఛాతీ లేస్తుంది, వదిలితే కుంగుతుంది, లెక్క తప్పితే ఆయన పెదవులు నేరేడు రంగుకు తిరుగుతాయి. పదకొండేళ్లుగా నర్సు పని చేస్తున్నాను, ఈ సంచిని ఎన్ని వేలసార్లు నొక్కి ఉంటానో, కానీ ఎప్పుడూ ఎక్కడికో చేర్చడానికే నొక్కాను, ఆపరేషన్ గదికి, పెద్ద దవాఖానకి, మిషను ఉన్న మంచానికి. ఇవాళ ఆపడానికి నొక్కుతున్నాను. నాచారం నుంచి చెంగిచెర్ల దాకా నొక్కి, ముందు గదిలో అమ్మ కడిగి పెట్టిన ఇనుప మంచం మీద ఆయన్ను పడుకోబెట్టి, అప్పుడు చేయి తీసేయాలి. అలా అనుకున్నాం. తమ్ముడు బెన్నీ సంతకం పెట్టి బైకు మీద ముందు వెళ్లిపోయాడు. ఈ డబ్బా లాంటి అంబులెన్సులో నేనూ, నాయినా, స్టీరింగు ముందు తిరుపతన్న. మా దవాఖానలో దీన్ని చావు అనరు, డిశ్చార్జి అంటారు.

"మల్లాపూర్ దిక్కు రోడ్డు తవ్విన్రు సిస్టర్. హబ్సిగూడ మీంచి ఉప్పల్ రింగు రోడ్డు పట్టుకుంట" అన్నాడు తిరుపతన్న వెనక్కి తిరగకుండా. "సమ్మె గద, బస్సులు లెవ్వు. సైరనేస్తే సర్రున పోతం." సైరన్ వేశాడు. తెలంగాణ కోసం సమ్మె మొదలై పదిహేను రోజులైంది, కరెంటు లేక వార్డులో పగలంతా జనరేటర్ మోత, ఆ మోత నుంచి ఈ మోతలోకి వచ్చాను. నాయిన కళ్లు తెరిచే ఉన్నాయి. రేకు కప్పునే చూస్తున్నాడు. నావైపు ఒక్కసారి చూస్తే బాగుండు, వద్దు, చూడకపోతేనే బాగుంది. నాలుగు, ఐదు, నొక్కాలి.

ఆయన చేతులు రెండూ స్ట్రెచర్ కడ్డీలకు కట్టి ఉన్నాయి. ముడి నాదే. వార్డులో కొత్తగా చేరిన పిల్లలకు ఈ ముడి నేనే నేర్పుతాను, మణికట్టుకు ముందు దూది, మీద బ్యాండేజి గుడ్డ రెండు చుట్లు, ఒక వేలు దూరేంత సందు, ముడి మాత్రం కడ్డీ కిందికి, రోగి వేళ్లకు అందని చోటికి. గొట్టం పీక్కోకుండా అని కేసు షీటులో రాస్తాం. ఎవరినీ అడిగి కట్టం. వద్దని తల ఊపితే కలవరపడుతున్నాడు అని రాస్తాం. గేటు దాటగానే విప్పుతాను అనుకున్నాను, నాచారం చౌరస్తా దాటింది, హబ్సిగూడ సిగ్నలు దాటింది, విప్పలేదు. దారిలో గొట్టం పీక్కుంటాడని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. గొట్టం ఎలాగూ తీయాల్సిందే కదా, కొంచెం ముందు పీక్కుంటే ఏం పోయింది. నిజం ఏమిటంటే ఆ చేతులంటే నాకు భయం. ముప్పై మూడేళ్లు వచ్చాయి, పోలీసులు తెచ్చిన తాగుబోతులకు కుట్లు వేయిస్తాను, తెగిన కాళ్లు పట్టుకుంటాను, కట్టేసి ఉన్న ఈ ముసలి చేయి దుప్పటి మీద కొంచెం కదిలితే నా మెడ దానంతట అదే భుజాల్లోకి కూరుకుపోతుంది.

ఎడమచేతికి చూపుడు వేలూ నడిమి వేలూ లేవు. మల్లాపూర్‌లో పవర్ ప్రెస్సు కింద పోయాయి, అప్పుడు నాకు ఆరేళ్లు. తోటి పనివాళ్లు ఆ రెండు వేళ్లనూ ఆయన టిఫిను డబ్బాలోనే వేసుకుని దవాఖానకి పరిగెత్తారట, అతకవని అక్కడ చెప్పారట, సాయంత్రం నాయిన చేతికి ఇంత కట్టుతో, చంకలో డబ్బాతో ఇంటికి వచ్చాడు. అమ్మ డబ్బా తెరిచి చూసి మూసేసింది. పెరట్లో ఎక్కడ పాతిపెట్టిందో నాకు చూపించలేదు. నెల తర్వాత ఆయన పనికి పోయిన రోజు అదే డబ్బాను బూడిదతో తోమి అన్నం పెట్టింది. తోముతున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది, గీరుకుంటూ, గీరుకుంటూ, ఏదో పోనిది పోగొట్టాలన్నట్టు. ఆ తర్వాత ఆయన ప్రెస్సు వదిలి పాలిష్ చక్రం మీదికి మారాడు, ఇరవై ఏళ్లు ఇనప దుమ్ము పీల్చాడు, ఇప్పుడు ఊపిరితిత్తులు రాయి. కానీ ఊపిరి ఉన్నన్నాళ్లూ కొట్టాడు. ఆ చేత్తో కొడితే అచ్చు వేరుగా పడేది. అమ్మ చెంప మీద మూడు వేళ్లు. ఎవరు కొట్టారని మా బస్తీలో ఎవరూ అడిగే పని లేదు. ఒకసారి చెవి మీద కొట్టాడు, ఆ చెవి అమ్మకు తిరిగి పని చేయలేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక ఆదివారం, ప్రార్థన నుంచి వచ్చి ఇంకా మంచి బట్టలు కూడా మార్చలేదు, ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న అరిగిన మిషను బెల్టు తీశాడు, నేను గడియ తీసి అమ్మను బయటికి పంపాను. అంతే నా తప్పు. నా రెండు చేతులూ కిటికీ ఊచలకు కట్టాడు. అమ్మకు రావాల్సినవి నేను తిన్నాను. వీధిలో పోయేవాళ్లు కిటికీలోంచి నా ముఖం చూశారు, నేను వాళ్ల ముఖాలు చూశాను. నర్సింగు స్కూల్లో టీచరమ్మ రోగిని కట్టే ముడి నేర్పుతున్నప్పుడు నా వేళ్లకు అది ముందే తెలుసు. రెండు, మూడు. ఆయన ఛాతీ ఎడమవైపు సరిగ్గా లేవడం లేదు. అది కూడా నేనే.

ఈ జనవరిలో మొదటిసారి మిషను మీద పడ్డాడు, పదకొండు రోజులు. గొట్టం తీసిన రోజు గొంతు ఇసుక రాపిడిలా ఉంది. నన్ను దగ్గరికి పిలిచి, "కట్టింది నువ్వేనా?" అన్నాడు. అవునన్నాను. మణికట్టు మీద మచ్చలు తిప్పి తిప్పి చూసుకున్నాడు. "మంచిగ కట్టినవ్. నాకన్న మంచిగ కట్టినవ్. ఎంత గుంజినా ఊడలే." ఇద్దరం నవ్వలేదు. మార్చిలో పేపరు తెచ్చి చదవమన్నాడు. బొంబాయిలో ఒక నర్సు, ఎవడో కుక్క గొలుసు గొంతుకు బిగించి పాడు చేస్తే ముప్పై ఏడేళ్లుగా అదే దవాఖాన మంచం మీద ఉంది, ఆమెను పోనివ్వాలా ఉంచాలా అని పెద్ద కోర్టు తీర్పు చెప్పింది. రెండుసార్లు చదివించుకున్నాడు. "ఆమెను అడిగిన్రా?" "ఆమెకు మాట లేదు నాయినా." "నాకున్నది గద. నన్నిప్పుడే అడుగున్రి."

ఆ వారంలోనే ఉప్పల్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కన దస్తావేజులు రాసే చలపతిరావు దగ్గరికి పోయాం. నాయినకు ఏ మాటైనా స్టాంపు కాగితం మీద పడితేనే మాట. చలపతిరావు కళ్లద్దాలు పైకి తోసి, "అమ్మకానికి నమూనా ఉందండి, దానానికి ఉంది, వీలునామాకి ఉంది. దీనికి లేదు. పోయాక ఏం చెయ్యాలో రాయించుకుంటారు గాని, పోకముందు ఏం చెయ్యకూడదో ఎవరూ రాయించుకోలేదయ్యా" అన్నాడు. "వీలునామాలనే రాయి సారు. ఆస్తి ఊపిరే అనుకో." "ఆస్తి అన్నాక హద్దులు రాయాలి కదా, ఏం రాయమంటారు?" ఆయన సరదాకే అన్నాడు. నాయిన ఆలోచించాడు, నిజంగా ఆలోచించాడు. "తూర్పుకు గొట్టం. పడమరకు మిషను. ఉత్తరానికి కట్లు. దక్షిణం దిక్కు ఖాళీగ పెట్టు సారు, గటుకెల్లి పోత." చలపతిరావు నవ్వడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. తర్వాత ఒక్కో అక్షరం చూసుకుంటూ టైపు కొట్టాడు. అబ్బయ్య అను నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా. మిషను పెట్టవద్దు, ఛాతీ నొక్కవద్దు, చేతులు కట్టవద్దు. నాయిన మూడు వేళ్లతో కాగితాన్ని అదిమిపట్టి కుడిచేత్తో సంతకం చేశాడు. సాక్షి దీవెన, అబ్బయ్య కూతురు. ఆ సంతకం నాది.

నిన్న మధ్యాహ్నం బెన్నీ ఆయన్ను ఆటోలో తెచ్చినప్పుడు నేను మందుల బండి దగ్గర ఉన్నాను. నాయిన నన్ను చూశాడు, ఏదో అనబోయాడు, గుండె ఆగింది. ఆ కాగితం అదే అంతస్తులో, నా లాకరులో, నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఇరవై అడుగులు. మంచి నర్సు ఆలోచించదు, చేతులు ముందు పోతాయి. నా చేతులు ముందు పోయాయి. అరచేతి మీద అరచేయి, మోచేతులు నిటారుగా, నడుము బరువంతా ఆయన రొమ్ము మధ్య. పైకి లెక్కపెడుతూనే ఉన్నాను. పదిహేడు దగ్గర కింద పక్కటెముక విరిగింది, పొయ్యి దగ్గర ఎండుపుల్ల విరిచినట్టు, చప్పుడు చెవికి కాదు, అరచేతికి వినిపించింది. విరిగితే ఆపవద్దని మాకు నేర్పుతారు. ఆపలేదు. పద్దెనిమిది, ఇది అమ్మ చెవికి. పంతొమ్మిది, ఇది కిటికీకి. ఇరవై, ఇది వీధిలోని ముఖాలకి. ఇంకోటి విరిగింది. అలా అనుకున్నది అప్పుడేనా, ఇప్పుడు సైరన్ మోతలో కల్పించుకుంటున్నానా, తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు. ఒళ్లు మాత్రం మరిచిపోలేదు. నొక్కిన ప్రతిసారీ ఒక సుఖం నడుము నుంచి భుజాల దాకా పాకింది, ముఖమంతా కన్నీళ్లు కారాయి, రెండూ ఒకేసారి. తండ్రిని పోనివ్వలేని కూతురు నొక్కిందా, ఊచలకు కట్టిన పిల్ల నొక్కిందా. ఇద్దరికీ ఉన్నవి ఇవే రెండు చేతులు. గుండె మళ్లీ కొట్టుకుంది. డాక్టర్ పాండురంగ గొట్టం వేస్తూ, "శభాష్ దీవెనా, ఏం నొక్కినవ్" అన్నాడు. తర్వాత దూది తెచ్చి చేతులు కట్టాను. ఆయన వద్దన్న మూడింటిలో రెండు స్వయంగా నేనే చేశాను, మూడోదానికి దారి నేనే చేశాను.

ఈ పొద్దున ఆయనకు పూర్తిగా మెలకువ వచ్చింది. ముందు కట్లు చూసుకున్నాడు, తర్వాత నన్ను చూశాడు. కోపం ఉంటే తట్టుకునేదాన్ని, కోపం నాకు అలవాటే. అది కోపం కాదు. ఏమిటో పేరు పెట్టలేక మందుల షీటు సరిచూశాను. గొంతుకు రంధ్రం చేసి మిషను మీదే ఉంచాలి, ఎన్నాళ్లో చెప్పలేం, అన్నాడు డాక్టర్. కాగితం తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పాడు. "ఇండ్లు అమ్మే కాయితం మీద ఊపిరి రాసుకొచ్చినవా? ఇది చెల్లదు దీవెనా. తీస్కపోతమంటే మీ తమ్మున్ని సంతకం పెట్టమను, డాక్టర్ల సలహాకు విరుద్ధంగ అని ఫారం ఉన్నది గద." "ఆయన్నే అడుగున్రి సార్. మెలకువతోనే ఉన్నడు." "పేషెంటును ఏమడుగుతమమ్మా?" బెన్నీ సంతకం పెట్టాడు. ఫారం మీద రోగి సంతకానికి గీతే లేదు. డాక్టరును తిట్టుకోవడానికి ఇప్పుడు నాకు అర్హత ఉందా. నేనూ అడగలేదు. ఆయన జవాబు చెప్పాలంటే ఒక చేయి విప్పాలి.

ఫోను మోగింది, ఎడమచేత్తో తీశాను. అమ్మ. ఎప్పటిలా పనిచేసే చెవి దొరికేదాకా ఒక క్షణం ఆగి, "ఊపిరున్నదా?" అంది. "ఉన్నది." "ఊపిరితోనే తేవాలె. నాకొక మాట అడిగేది ఉన్నది." "ఏం మాట?" "నీకెందుకే. పెండ్లయిన కాడి నుంచి అడుగుదామనుకుంట, అడుగక." మా అమ్మ విక్టోరియా, ముప్పై అయిదేళ్లుగా ఆ ఇంట్లో పళ్లెం చప్పుడు కూడా చేయకుండా తిన్న మనిషి, ఆమెకు ఒక ప్రశ్న ఉంది, జవాబు ఈ కట్లలో ఉంది, జవాబు చెప్పే గొంతులో గొట్టం ఉంది. గొట్టం తీసి ఒక్క మాటైనా అంటాడని ఆమె ఆశ. ఆమె కోసం నొక్కుతున్నానా. ఆయన వద్దన్న ఊపిరిని ఆమెకు కావాలని నేను మోసుకుపోతున్నాను, అడగకుండా ఒకరి దగ్గర తీసుకుని అడిగిన ఇంకొకరికి ఇవ్వడానికి. ఐదు. నొక్కాలి. వేళ్లు తిమ్మిరెక్కాయి.

బండి ఆగింది. ఉప్పల్ రింగు రోడ్డు. ముందు అద్దంలోంచి రోడ్డు కనిపించడం లేదు, మనుషులే. సమ్మెవాళ్లు వంటా వార్పు పెట్టారు, నడిరోడ్డు మీద రాళ్లు పేర్చి, కట్టెలు ఎగదోసి, పెద్ద గుండిగలో అన్నం కుతకుతలాడుతోంది, డప్పు కొడుతున్నారు, పొగ అంబులెన్సులోకి వచ్చింది. సైరన్ వినగానే జనం పక్కకు జరిగారు, పొయ్యి జరగదు కదా. "అంబులెన్సు రా, దారియ్యున్రి, గుండిగ దించున్రి." "దించుడేంది, సలసల మసులుతున్నది, మీద పడితే ఎవరు జిమ్మేదారి?" "తడిగుడ్డలు తేపో, మాటలు బంద్ జేసి." ఒకడు గుడ్డల కోసం పరిగెత్తాడు, నలుగురు కట్టెలు లాగుతున్నారు. మెడలో కండువా వేసుకున్న ఒక పెద్దాయన కిటికీ దగ్గరికి వంగాడు. చెమటా, మసీ. "ఐదు నిమిషాలు బిడ్డా, కోపం జేయకు. ఎవరు లోపల?"

"మా నాయిన."

"ఏ దవాఖానకు?"

"దవాఖాన నుంచే. ఇంటికి."

ఆయన నాయిన వైపు చూశాడు, నా చేతిలోని సంచి వైపు చూశాడు, కట్ల వైపు చూశాడు. ఎగతాళి లేదు ఆ ముఖంలో, నిజంగానే అర్థం కాలేదు. "ఇంటికా? ఇంటికైతే సైరన్ ఎందుకు బిడ్డా?" నేను సంచి నొక్కాను. "సరే, అన్నమైతే ఉడికింది, మీ డ్రైవరుకు ఇంత పెట్టిస్త" అని వెళ్లిపోయాడు. తిరుపతన్న, "నాకెందుకే పెద్దమనిషి, ముందు గుండిగ సంగతి సూడు" అని గొణిగాడు.

ఇంటికైతే సైరన్ ఎందుకు. ఎవరిని భయపెట్టడానికి. ఒకటి, రెండు. రేకు కప్పు మీది నుంచి చూపు దించి నాయిన నన్ను చూస్తున్నాడు, ఎప్పటి నుంచి చూస్తున్నాడో. ఎడమచేతి కట్టు మీద నా వేలు పడింది. ఎడమదే ఎందుకు, కుడిది దగ్గరగా ఉంది కదా. నొక్కే చేయి వదలడానికి లేదు, ఒంటిచేత్తో నా ముడి ఊడదు, అందుకే కదా అలా కట్టేది. వంగి పళ్లతో లాగాను. డెటాల్ రుచి, దూది నాలుకకు అంటుకుంది, నా చెంపకు రెండు అంగుళాల దూరంలో ఆ మూడు వేళ్లు. "నాయినా" అన్నాను. గొంతు తొమ్మిదేళ్ల పిల్లదిలా వచ్చింది. "నాయినా, నేను అడుగుతున్న. ఇంటి దాంక నొక్కమంటే చెయ్యి అట్లనే ఉంచు. అమ్మ నిన్నొక మాట అడుగుతదంట. ఇక్కడనే ఆపుమంటే చెయ్యి లేపు." ముడి ఊడింది.

చేయి లేచింది. ఒక్కసారిగా లేచింది, చచ్చుబడ్డ మనిషి చేయి లేచినట్టు కాదు, బెల్టు పట్టుకున్న రోజుల్లో లేచినట్టు, మూడు వేళ్లూ విచ్చుకుని నా ముఖం వైపు. నేను రెండు మోచేతుల మధ్య తల దాచుకున్నాను. కళ్లు మూసుకున్నాను. దెబ్బ కోసం ఒళ్లంతా బిగబట్టాను, ఇరవై నాలుగేళ్లు ఎక్కడికీ పోలేదు, కిటికీ ఊచలు చల్లగా మణికట్లకు తగిలాయి. దెబ్బ పడలేదు. మూడు, నాలుగు, ఐదు. ఆరు. ఏడు. డప్పు. సైరన్. మోచేతుల సందులోంచి చూశాను. చేయి గాలిలో ఉంది. గొట్టం వైపు పోలేదు, నావైపూ రాలేదు. బడిలో పిల్లవాడు తెలిసిన ప్రశ్నకు ఎత్తినట్టు నిలువుగా ఎత్తి పట్టుకున్నాడు, మోచేయి వణుకుతోంది, అయినా దించడం లేదు. నేను అడిగినదానికి జవాబు. సంచి గొట్టానికి వేలాడుతూ ఊగుతోంది. నా చేతులు రెండూ నా తల మీద ఉన్నాయి. నిన్న కూడా ఇంతే, నాకంటే ముందు ఇవే పోయాయి. తొమ్మిది, పది. ఆయన పెదవులు నేరేడు రంగుకు తిరుగుతున్నాయి, సంచి అందుకోవడానికి వేళ్లు అప్పుడే ముడుచుకుంటున్నాయి.

ముడుచుకున్న వేళ్లను విప్పాను. ఇది మాత్రం నేను చేశాను, చేతులు కాదు. కుడిచేతి కట్టు కత్తిరించాను. చెంపల మీద టేపు తడిపి ఊడదీశాను, గొట్టాన్ని లోపల పట్టి ఉంచే బుడగలో గాలి తీశాను, దగ్గు నాయినా అన్నాను, దగ్గాడు, విరిగిన ఎముకల మీద దగ్గినందుకు ముఖమంతా మెలి తిరిగింది, గొట్టం నెత్తుటి జీరలతో బయటికి వచ్చింది. గరగరా ఒక ఊపిరి లోపలికి పోయింది. ఆయనదే. బయట తడిగుడ్డలు పట్టుకుని ఆరుగురు గుండిగను ఒక్కసారి పైకి లేపారు, జనం ఓయని అరిచారు, దారి తెరుచుకుంది.

"పోనియ్యనా సిస్టర్? గట్టిగ తొక్కితే ఇరవై నిమిషాలు."

"తిరుపతన్నా, సైరన్ బంద్ జెయ్."

అద్దంలోంచి నన్ను చూశాడు, గొట్టం చూశాడు, బంద్ చేశాడు. ఒక్కసారిగా అన్నీ వినిపించాయి, గరిటె గుండిగకు తగిలే చప్పుడు, చక్రాల కింద బొగ్గులు నలిగే చప్పుడు, నాయిన ఊపిరి. ఫోను మోగుతోంది, అమ్మ అని వస్తోంది. ఆమె మాట ఆయనకు అందుతుందో అందదో, అందకపోతే ఆ సంగతి ఆమెకు నేనే చెప్పాలి, పనిచేసే చెవి దగ్గరే నిలబడి. ఎత్తడానికి చేయి చాచబోతే కదలలేదు. మణికట్టును ఆయన పట్టుకుని ఉన్నాడు, మూడు వేళ్లతో, నొప్పి పుట్టేలా. అచ్చు పడుతుంది. పడనీ అనుకున్నాను. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. పీల్చాడు.